పసుపు కారు నడిపిందెవరు

శనివారం మిషన్ విప్పి తుడిచే అలవాటు నాకు ముప్ఫై ఒక్క ఏళ్లది. బట్టల ఫ్యాక్టరీలో రెండో లైన్లో చొక్కా కాలర్లు కుట్టేదాన్ని. వారం ఆఖర్న గంట కొట్టే ముందు ఎవరి మిషన్ వాళ్లు విప్పి, లోపల ఇరుక్కున్న దారప్పోగులు దులిపి, నాలుగు చుక్కలు నూనె వేసి, గుడ్డ కప్పి వెళ్లాలి. పని మానేసి ఎనిమిదేళ్లయినా శనివారం వస్తే చేతులు ఊరుకోవు. మిక్సీయో, ఫ్యానో, పొయ్యి బర్నరో, ఏదో ఒకటి విప్పుతాను.

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఎవరూ లేరు. కూతురు ఆస్పత్రిలో నర్సు, డ్యూటీకి వెళ్లింది. అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు, ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని పిలిస్తే పరుగెత్తాడు. మా మనవరాలు పిడుగు బడిలో ఉంది. టీవీ కింద అరలో ఆటల పెట్టె, దాని పక్కన నాలుగు కంట్రోలర్లు. నాదానికి గుర్తుగా పసుపు దారం చుట్టుకున్నాను. దాన్ని తీసి, వెనక మూత జుట్టుపిన్నుతో లేపాను.

లోపల బ్యాటరీలు లేవు. రెండు స్ప్రింగులు నన్ను చూస్తున్నాయి.

ముందు రోజు సాయంత్రం ఇదే కంట్రోలర్ పట్టుకుని నా పసుపు కారును ఫస్టు తెచ్చాను. పిడుగు నా మెడ పట్టుకుని ఊగింది. అల్లుడు చప్పట్లు కొట్టాడు.

ఆ ఆట సంగతి చెప్పాలి. టీవీ నాలుగు ముక్కలవుతుంది, ముక్కకో కారు. మా నాలుగు కాక ఇంకో ఎనిమిదింటిని ఆ పెట్టె తనే తోలుకుంటుంది. కార్లు విసుగొస్తే జంతువుల కుస్తీ. నాది కుందేలు. నెత్తురుండదు, ఎముక విరగదు. దెబ్బ తిన్నది తల చుట్టూ చుక్కలతో కూలబడి మళ్లీ లేస్తుంది. ఇంటిల్లిపాదీ ఆడుకోదగ్గ ఆటలని అల్లుడు ముచ్చటపడి తెచ్చాడు.

తెచ్చిన రోజు నేను కారును ఎదురు దిక్కుకు తోలాను. అందరూ గీత దాటి కూర్చున్నా నేనింకా గోడను గుద్దుతూనే ఉన్నాను. కంట్రోలర్ చేతిలో గడగడ వణికితే కరెంటు కొట్టిందనుకుని విసిరేశాను. మర్నాటి నుంచి అది వణకలేదు. "నీ కోసం వణుకు ఆపేశామమ్మా" అంది కూతురు. ఆ మర్నాడే నాకు నాలుగో స్థానం వచ్చింది. తర్వాత మూడు, తర్వాత ఫస్టు. అలా ఏడు నెలలు. ఒక్కోసారి నేను మీట నొక్కకముందే కారు మలుపు తిరిగేది. చెయ్యి తిరిగిందనుకున్నాను. కాలు కదపకుండా కదిలిన మిషన్‌ను జన్మలో చూడనిదాన్ని, ఆ బుద్ధి ఎక్కడ పెట్టుకున్నానో.

పైగా నోరు కట్టుకున్నానా. ఫ్యాక్టరీలో నా పక్క సీటామె రోజంతా కాజాలు కుట్టేది, అందరం కాజాలక్క అనేవాళ్లం. గెలిచినప్పుడల్లా ఆమెకు ఫోన్ చేశాను. "నువ్వు కారు తోలడమేంటి, సైకిలెక్కితే కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి" అంది. అయితే ఆదివారం వచ్చి నీ కళ్లతో చూడమన్నాను. ఆదివారమంటే మర్నాడే.

మూత మళ్లీ బిగించాను. కోపమొస్తే అప్పటికప్పుడు అరిచి దులిపేసుకునే మనిషిని. అరవడానికి ఇంట్లో ఒక్క ప్రాణీ లేదు. సాయంత్రం దాకా లోపలే మరిగింది.

సాయంత్రం నలుగురం కూర్చున్నాం. నేను కంట్రోలర్ ఒళ్లో పడేసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. ఒక్కరూ నావైపు చూడలేదు, అందరి కళ్లూ టీవీ మీదే. నా పసుపు కారు వంతెన మీంచి దూకింది. ఎర్రకారును పక్కకి నెట్టింది.

"ఏం తిరిగావు అమ్మమ్మా ఆ మలుపు" అంది పిడుగు.

పసుపు కారు మూడో స్థానంలో వచ్చింది.

"ఇవాళ అత్తయ్యగారికి చెయ్యి ఆడలేదు, లేకపోతే ఫస్టే" అన్నాడు అల్లుడు.

"నిజమే బాబూ. అసలు ఆడలేదు" అని తొడల కింద నుంచి చేతులు తీసి చూపించాను.

పిడుగు వాళ్ల నాన్నను చూసింది. అతను నా కూతుర్ని చూశాడు. అది నేలను చూసింది. నేను పిన్నుతో మూత లేపి కంట్రోలర్‌ను బల్ల మీద బోర్లా పెట్టాను.

"ఎవరి పని ఇది?"

"అమ్మా, కోపం తెచ్చుకోకు."

"కొత్తగా తెచ్చుకునేదేముందే, పొద్దున్నుంచీ ఉంది. ఎవరు?"

"నేనే" అంది కూతురు. "మొదటి రోజు అన్నిట్లో ఆఖరొచ్చి, వంటింట్లోకి పోయి తోమిన గిన్నెలే తోమావు. మర్నాడు పిలిస్తే నాకెందుకులే అన్నావు. ఒక్కసారి గెలిస్తే మాతో కూర్చుంటావని, నీ కారును కూడా ఆటల పెట్టెకే అప్పగించి బ్యాటరీలు తీశాను. తర్వాత చెబుదామంటే నోరు రాలేదు."

"ఏడు నెలల్లో ఒక్క పూటా రాలేదా నోరు? అబద్ధపు చప్పట్లు కొట్టడానికి మాత్రం చేతులొచ్చాయి."

"మీ సంతోషం కోసమే అత్తయ్యగారూ..."

"మీరాగండి బాబూ. లిఫ్టు బటన్లకి వైర్లు పీకేసి, జనాన్ని సంతోషంగా నొక్కుకోమంటారా మీరు?"

పిడుగు కిసుక్కుమని నవ్వి మింగేసింది.

"నవ్వకే. మెడ పట్టుకుని ఊగింది నువ్వు కాదూ."

"అమ్మ చెప్పొద్దంది."

అప్పుడు నా కూతురికీ కోపమొచ్చింది. నా కడుపున పుట్టిందే కదా. "నువ్వు మాత్రం నాకు చెయ్యలేదా? ఇంట్లో మిషన్‌కి సూది తీసేసి నన్ను ముందు కూర్చోబెట్టేదానివి. గంటలకొద్దీ తొక్కేదాన్ని. నువ్వు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన కాలర్ చేతిలో పెట్టి, ఇది నువ్వు కుట్టిందేనే అన్నావు. వీధంతా చూపించుకుని తిరిగాను."

నాకు మరుపు అనేది లేదు. కిటికీ పక్కన మిషన్, దాని ముందు ఆకుపచ్చ గౌను వేసుకుని కాళ్లందక అంచు మీదికి జారి కూర్చున్న పిల్ల, నీలం చారల కాలర్. ఆ రాత్రి దాన్ని గుప్పిట్లో పెట్టుకునే నిద్రపోయింది. అంతా కళ్ల ముందుకొచ్చింది.

"చేశాను. నీకప్పుడు నాలుగేళ్లు. ఆరేళ్లు రాగానే సూది బిగించాను. మొదటి రోజే వేలికి గుచ్చుకుంది. ఏడ్చి, మళ్లీ వచ్చి కూర్చున్నావు. ఆ కాలర్ ఎక్కడ పారేశావో నీకే తెలీదు. నీ చేత్తో కుట్టిన వంకరటింకర రుమాలు మాత్రం ఇప్పటికీ నీ బీరువాలో ఉంది. నీకు ఆరేళ్లకే సూది ఇచ్చాను. నాకిప్పుడు ఎన్నేళ్లే?"

పిడుగు లేచి, కుర్చీ ఎక్కి, గోడ గడియారంలోంచి ఒక బ్యాటరీ పీకింది. బల్ల మీది గడియారంలోంచి ఇంకొకటి పీకింది. రెండూ తెచ్చి నా చేతిలో పెట్టింది. నేనే వేసుకున్నాను.

మళ్లీ పందెం. మళ్లీ ఎదురు దిక్కు. మళ్లీ గోడ. కంట్రోలర్ వణికింది, దళసరి గుడ్డ కింద పెట్టినప్పుడు నా పాత మిషన్ వణికినట్టు. ఈసారి విసిరేయలేదు. పన్నెండు కార్లలో పన్నెండోదాన్ని నేను. గీత దాటేదాకా టీవీ ముందు నుంచి ఎవర్నీ లేవనివ్వలేదు.

తర్వాత కుస్తీ. కూతురి పిల్లి మీదికి నా కుందేలును తోలాను. ఏడు నెలల కోపాన్నీ మీటల మీద పెట్టి బాదాను. ఎనిమిదిసార్లు ఓడాను. తొమ్మిదోసారి పిల్లి తల చుట్టూ చుక్కలు తిరిగి కూలబడింది.

"కావాలని పడ్డావా?"

"లేదమ్మా, ఒట్టు."

"నీ ఒట్టు నీ దగ్గరే ఉంచుకో" అన్నాను. అది నిజమే చెప్పి ఉంటుంది. అయినా నమ్మలేకపోయాను. నా మొదటి గెలుపు అలా నోటికి రుచి లేకుండా పోయింది. అందుకు నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

ఆదివారం కాజాలక్క చెప్పులు విప్పుతుండగానే కూతురు నన్ను వంటింట్లోకి లాగింది. "అమ్మా, ఈ ఒక్క రోజుకీ బ్యాటరీలు తీసేద్దామా? ఆవిడ ముందు నువ్వు చిన్నబోతావేమోనని..."

నేను దాని ముఖంలోకి చూశాను. మిగతా మాట మింగేసింది.

బయటికొచ్చి, అక్క కూర్చోకముందే జరిగిందంతా చెప్పేశాను. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "అయితే ఏడు నెలలూ ఉత్త డబ్బా నొక్కావా చెల్లీ."

"నొక్కాను. ఇక నువ్వు నొక్కుదువు గాని, కూర్చో."

అల్లుడి కంట్రోలర్ తీసి, వెనక్కి తిప్పి, మూత లేపి, లోపల రెండు బ్యాటరీలూ ఆమెకు చూపించి మరీ చేతికిచ్చాను.

"ఇదంతా నాకెందుకు చూపిస్తావే?"

"చూసి పట్టుకో."

పందెం మొదలైంది. పిడుగు కారు ఎక్కడికో వెళ్లిపోయింది, దాని వెనక కూతురి కారు. నేను ఈసారి దారి తప్పలేదు. గోడలు గుద్దుతూనే వెళ్లాను. పదకొండో స్థానం. కాజాలక్క కారు ఇంకా మొదటి మలుపులోనే గోడకు ముక్కు పెట్టి నిలబడి ఉంది. ఆమె చేతిలో కంట్రోలర్ గడగడ వణికింది. అదిరిపడి విసిరేయబోయింది.

"విసిరేయకు" అని చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు గుద్దావు కాబట్టే వణుకుతోంది."