లారీ నడిపినవాడు

వంతెనల దళం కుటుంబాల సంఘానికి సొంత గది లేదు. గ్రంథాలయం మేడ మీద, పాత పత్రికల బీరువాల మధ్య ఒక బల్ల, నాలుగు కుర్చీలు ఉన్నాయి. యుద్ధకాలంలో నదుల మీద వంతెనలు వేసిన ఆ దళంలో నూట పన్నెండు మంది పనిచేశారు. ఇప్పుడు బతికున్నది, అప్పట్లో వైర్‌లెస్ సెట్టు చూసుకున్న వైర్‌లెస్ తాతగారు ఒక్కరే. మిగతావాళ్ళ తరఫున పిల్లలు, మనవలు సభ్యులు. దళం చరిత్రను పుస్తకంగా తెచ్చే పని కార్యదర్శి నెత్తిన పడింది. ఆమె రిటైరైన నర్సు. వాళ్ళ నాన్న ఆ దళంలో డ్రైవరు.

నాన్న గురించి ఏం రాయాలో ఆమె వెతుక్కోనక్కర్లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి విన్నదే. సగం కూలిన వంతెన మీదుగా, పైనుంచి బాంబులు పడుతుంటే, గాయపడిన పదకొండు మందిని లారీలో అవతలి ఒడ్డుకు చేర్చాడు. క్లచ్ కాలిన వాసన, రెండో గేరు పడకపోవడం, వెనకనుంచి ఎవరో "ఆపకురా!" అని అరవడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆయన పోయాక అదే కథను అన్నయ్య అందుకున్నాడు.

తేదీ సరిచూసుకోవడానికి ఆమె దళం దినచర్య పుస్తకం నకలు తెప్పించింది. ఆ రోజు పేజీని మూడుసార్లు చదివింది. లారీ నడిపినవాడని వేరే పేరు ఉంది. నాన్న పేరు ఇంకా కింద, 'కామెర్లు, ఆస్పత్రిలో తొమ్మిదో రోజు' అన్న వరసలో ఉంది.

ముదిరిన కామెర్లతో తొమ్మిదో రోజుకు మనిషి ఎలా ఉంటాడో ఆమెకు తెలుసు. మంచం దిగడమే గొప్ప.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని వైర్‌లెస్ తాతగారింటికి వెళ్ళి, లారీ నడిపినవాడి పేరు చూపించింది.

"వీడా! మా నత్తోడమ్మా," అన్నాడాయన. "బంగారంలాంటి మనిషి. కానీ ఒక మాట మొదలుపెడితే చేతిలో టీ చల్లారిపోయేది. చెయ్యి కాలితే వాణ్ణి మీ నాన్న పక్క మంచంలోనే పడుకోబెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏం జరిగిందని అడిగితే వాడు మొదలుపెట్టేవాడు, మీ నాన్న పూర్తి చేసేవాడు. చివరికి వాడు తలూపడమే మిగిలింది."

"మరి నాన్న, నేనే నడిపాననేవాడు కదండీ?"

"నా ఎదుట ఎప్పుడూ అనలేదు. ఇంటికెళ్ళాక ఏమన్నాడో నాకేం తెలుసు?"

ఈ సంగతి చెబితే అన్నయ్య మండిపడ్డాడు.

"ఎవడో గుమాస్తా రాసిన ముక్క పట్టుకుని నాన్నని అబద్ధాలకోరుని చేస్తావా?"

"నేనేం చెయ్యట్లేదన్నయ్యా. ఉన్నది రాస్తున్నాను."

"పదకొండు మంది బతికారని రాయి, చాలు. ఎవరు నడిపారని ఎవరడిగారు?"

"ఆయన పిల్లలు అడగొచ్చు."

"వాళ్ళు మన సంఘంలోనే లేరు కదా!"

"అదే నేనూ అనేది," అంది ఆమె.

అన్నయ్య చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫోను కూడా చెయ్యలేదు.

నత్తి మనిషి కుటుంబాన్ని పట్టుకోవడానికి ఆరు వారాలు పట్టింది. పాత పింఛను చిరునామాలో ఇప్పుడు మందుల షాపు ఉంది. షాపతను చెప్పిన ఆనవాలుతో వెళితే, బస్టాండు వెనక తాళంచెవులు చేసే కొట్టులో కొడుకు దొరికాడు. యాభై దాటినవాడు. ఆమె మాట్లాడుతుంటే చేతిలోని తాళంచెవిని ఆకురాయితో రుద్దుతూనే విన్నాడు. నకలు ముందు పెట్టాక చేతులు తుడుచుకుని చదివాడు.

"ఇది మా నాన్నేనా?"

"మీ నాన్నగారే."

"యుద్ధంలో ఏం చేశావు నాన్నా అంటే 'లా... లా...' అనేవాడండీ. మేం పాటందుకునేవాళ్ళం. పగలబడి నవ్వేవాళ్ళం. ఆయన లేచి అవతలికి పోయేవాడు." ఆ కాగితాన్ని దగ్గరికి జరుపుకున్నాడు. "లారీ అనబోయాడన్నమాట."

ఆమె సంచి తెరిచింది. సభ్యత్వం దరఖాస్తు తీసి ఇచ్చింది. అతను అక్కడే నింపాడు.

పుస్తకంలో ఆ రోజు గురించి ఆమె నాలుగు వాక్యాలే రాసింది. లారీ ఎవరు నడిపారు, ఎంతమంది దాటారు, నడిపినవాడి చెయ్యి ఎలా కాలింది, తన తండ్రి అప్పుడు ఎక్కడున్నాడు. దినచర్యలో లేనిదేదీ చేర్చలేదు. ఆవిష్కరణకు అన్నయ్య రాలేదు. అతని ప్రతిని పోస్టులో పంపింది.

రెండు నెలల తర్వాత తాళాల కొట్టు నుంచి ఫోనొచ్చింది.

"పుస్తకంలో సభ్యుల చిరునామాలు చూసి మీ అన్నయ్యగారు వచ్చారండీ. స్టూలు లాక్కుని కూర్చుని కథంతా చెప్పారు. గేరు పడకపోవడం, వెనకనుంచి అరుపులు, ఆ కాలిన వాసన... ఇవేవీ పుస్తకంలో లేవు కదండీ! మళ్ళీ ఇంకోసారి చెప్పించుకున్నాను."

"ఎవరు నడిపారని చెప్పాడు?"

"నాతో 'మీ నాన్నే నడిపాడు' అని చెప్పారండీ. మధ్యలో ఒక్కసారి 'మా నాన్న' అని నోరుజారి, ఆగి, సరిచేసుకున్నారు."

ఆమె అన్నయ్యకు వెంటనే ఫోను చెయ్యలేదు. రెండో కూర్పు కోసం పెట్టుకున్న నోటుపుస్తకం తీసి, గేరు, వాసన, అరుపు వరసగా రాసింది. ఎదురుగా 'విన్నది' అని గుర్తు పెట్టింది. దాని పక్కన చెప్పినవారి పేర్లు రాయాల్సిన గడిలో నాన్న పేరు, అన్నయ్య పేరు రాసింది.