ఆవు డాక్టరు అదృశ్యం

"దూడ కాళ్లు రెండూ బయటికొచ్చినాయమ్మా, తల రాలేదు. అర్ధగంటగా ఆవు పడిపోయి లేస్తా లేదు!"

ఫోనులో రైతు గంగులప్ప అరుస్తున్నాడు. ఆయన ఊరు పుంగనూరు పక్కనే. ఉష ఉన్నది మదనపల్లెలో. రైతు ఫోనులో నొక్కితే దగ్గరున్న పశువుల డాక్టరుకు కబురు వెళ్లే ఆప్ ఆమెది.

"ఆప్‌లో యాల పిలవలేదప్పా?"

"యాడుండాది నీ ఆప్పు? ఫోనంతా ఎతికినా. మా పక్కింటి సిద్దమ్మ నీ నెంబరు గోడమీద రాసిపెట్టుకోబట్టి సరిపోయె!"

ఉష వెంటనే పుంగనూరులోని డాక్టరు వెంకటేష్‌కు ఫోన్ చేసింది.

"ఖాళీగానే ఉండానక్కా. పది దినాలుగా కొత్త పిలుపు ఒక్కటన్నా వస్తే కదా!" అంటూనే అతను బండి తీశాడు.

పది రోజులు! ఉష అనుమానం కుప్పం చెంగల్రాయుడి మీదికి పోయింది. ఇలాంటి ఆప్ అతనూ కుప్పం వరకూ నడుపుతున్నాడు. అతనే ఏదో చేసి తన ఆప్‌ను మాయం చేసుంటాడు. గంగులప్ప ఊరికి బయల్దేరుతూ, స్కూటర్ ఎక్కేముందే అతనికి ఫోన్ చేసి కడిగేసింది.

"నీ ఆప్పును నేనెట్ల దాస్తానమ్మా, జేబులో పెట్టుకోనా?" అని నవ్వాడతను. "నన్ను తిట్టేది ఆపి, రైతు ఎట్ల ఎతుకుతాడో పక్కన నిలబడి సూడు."

ఆమె చేరేసరికి దూడ గడ్డి మీద ఉంది. ఆవు లేచి దాన్ని నాకుతోంది. మోచేతుల దాకా తడిసిన వెంకటేష్ నవ్వుతున్నాడు.

ఉష గంగులప్ప వైపు తిరిగింది. "అప్పా, నా ఆప్పును ఎవరో దాచినట్టుంది. ఇందాక ఎట్ల ఎతికినావో సూపించు."

గంగులప్ప టైపు చెయ్యడు. ఈ పల్లెల్లో పెద్దవాళ్లెవరూ చెయ్యరు. మైకు గుర్తు నొక్కి, ఎదురుగా మనిషి ఉన్నట్టే అడుగుతారు.

"అమ్మా, ఆవు డాక్టరు కావల్ల."

ఆవు బొమ్మలు వచ్చాయి. ఆవు పాటలు వచ్చాయి. పాలు పితికే ఆట వచ్చింది. ఉష ఆప్ రాలేదు.

"సిద్దమ్మ చెప్పిన పేరే అడిగితి గదమ్మా. పోయిన నెల ఆయమ్మకు దొరికె!"

‘ఆవు డాక్టరు’ మరీ నాటుగా ఉందని, పది రోజుల కిందట ఉషే ఆప్ పేరు ‘కావియోరా’ అని మార్చింది. ఆ పేరుతో ఏ రైతు పిలుస్తాడు?

అక్కడే నిలబడి పాత పేరు మళ్లీ ఎక్కించింది. ఒకట్రెండు రోజుల్లో కనబడుతుంది. అవతల దూడ కాళ్లు తడబడుతూనే లేచి నిలుచుంది.

"ఏమక్కా, ఆప్పును దాచిన దొంగ దొరికినాడా?" చేతులు కడుక్కుంటూ అడిగాడు వెంకటేష్.

"దొరికింది," అంది ఉష. "నేనే."