ఎనిమిది పాయల జడ

నేను ఒక జడను. ఏ ఆడపిల్ల తలమీదిదో అనుకునేరు, కాదు. ఆడపిల్ల జడకి మూడు పాయలు చాలు, నాకు ఎనిమిది. వెంట్రుకకంటే సన్నని ప్లాస్టిక్ పోగుల్ని పాయలుగా తీసి, ఎక్కడో దూరదేశపు కర్మాగారంలో ఒక యంత్రం నన్ను బిగించి అల్లింది. పెద్ద చేపలకి గాలం వేసేవాళ్ళు వాడే దారాన్ని నేను. ఎనభై పౌండ్లు, అంటే ముప్పై ఆరు కిలోలు లాగినా తెగనని నా పెట్టె మీద రాసి ఉంటుంది. అది నిజమే. నా కథలో అబద్ధాలు ఉన్నాయి గానీ, అవి పెట్టె చెప్పినవి కావు.

నన్ను కొన్నది ముదునూరి సోమరాజుగారు. మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులున్న ఆసామి. ఆయనకి చేపలు పట్టడమంటే ఇష్టం, పట్టానని చెప్పడమంటే మరీ ఇష్టం. కూతురి పెళ్ళి మాటలప్పుడు ఉండి అనే ఊరి నుంచి వచ్చిన వియ్యంకుడు తిమ్మరాజుగారి ముందు ఊపులో నోరు జారారు.

"మా ఇంట్లో పండుగప్ప చేపని కొనడం అన్నది లేదు బావగారూ. విస్తట్లో పడేదల్లా నా గాలానికి పడిందే. పాతిక కిలోలకి తగ్గితే మళ్ళీ గోదాట్లోకి వదిలేస్తానండి."

అప్పటికి ఆయన చూసిన పెద్ద పండుగప్ప రెండు కిలోలది. అదీ అంతర్వేది పడవవాడు ఏడుకొండలు పట్టి ఇచ్చింది.

తిమ్మరాజుగారు విన్నమాట మరిచే రకం కాదు. పెళ్ళయిన నెలకి ఫోన్ చేశారు. "నెలాఖరు ఆదివారం కోడల్ని తీసుకుని వస్తున్నామండి. మీరు పడుతూ ఉండండి, నేను పక్కన కూర్చుని చూస్తాను." ఆ పూట సోమరాజుగారికి అన్నం సహించలేదు. మాట తప్పితే పోయేది తన పరువొక్కటే కాదు. ప్రతి పండక్కీ, ప్రతి పేరంటానికీ "మీ నాన్నగారి పాతిక కిలోల చేప ఏదమ్మా" అని అత్తింట్లో దెప్పుళ్ళు తినేది కూతురు. ఆ సంగతి ఆయనకి నిజంగానే గుచ్చుకుంది. అయితే తప్పు తన నోటిదని ఒప్పుకోవడం ఆ వంశంలో లేదు. ఇన్నాళ్ళూ పెద్ద చేప పడకపోవడానికి కారణం దారమేనని తేల్చుకున్నారు.

అల్లుణ్ణి ఖాయం చేసుకోవడానికి ఆయనకి ఒక్క పూట పట్టిందట. నన్ను ఖాయం చేసుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. నరసాపురంలో కరీముల్లా దుకాణంలో మాకు పెళ్ళిచూపులు జరిగాయి. సన్నవాళ్ళం, లావువాళ్ళం, పచ్చవాళ్ళం, పసుపువాళ్ళం వరసగా కూర్చున్నాం. ఆయన ఒక్కొక్కరినీ గోటితో గీకారు, పంటితో కొరికారు, వాసన కూడా చూశారు.

కరీముల్లా ఓపిగ్గా చెప్పాడు. "నాలుగు పాయల్దైతే గరుగ్గా ఉంటదండి, రాళ్ళకి ఆగుద్ది. ఎనిమిది పాయల్ది నున్నగా ఉంటది, దూరం పడుద్ది. మన ఏటి మొగలో పండుగప్పకి ముప్పై పౌండ్లు సరిపోద్దండి. లావు పెరిగేకొద్దీ చేపకి అనుమానం."

"ఉన్నవాటిల్లో పెద్దది ఏదయ్యా?"

"ఎనభైదండి. దాంతో పడవ కట్టెయ్యొచ్చు."

"అదే ఇవ్వు."

సలహా అడగడం మనుషులకి మర్యాద, వినడం మాత్రం నామోషీ. కరీముల్లా గాలం కర్ర రీలుకి అడుగున కాస్త నైలాన్ దారం చుట్టి, దానిమీద నన్ను బిగించి చుట్టాడు. అలా చుట్టకపోతే నేను నున్నటిదాన్ని గనక రీలు మీద జారిపోతాను. ఆ దుకాణంలో నా తత్త్వం తెలిసింది అతనికొక్కడికే.

అనుకున్న ఆదివారం తెల్లారింది. వియ్యంకుడు హాల్లో కాఫీ తాగుతున్నారు. కొత్త వస్తువుని పూజ చెయ్యకుండా బయటికి తీస్తారా? సోమరాజుగారు గాలం కర్రని దేవుడి పీట పక్కన ఆనించి, రీలుకి పసుపూ కుంకుమా పెట్టి, ఒక అరటిపండుకి అగరొత్తి గుచ్చి సరిగ్గా నా ముందు పెట్టారు. ఆయన భార్య సుభద్రమ్మ పుట్టిల్లు నరసాపురం. పెళ్ళికి ముందు లేసు అల్లిన చెయ్యి ఆమెది.

"దారం దగ్గర నిప్పేంటండీ? కాస్త ఎడంగా పెట్టండి" అంది.

"ఎనభై పౌండ్ల తాడే ఇది. నీ లేసు దారం అనుకున్నావా?" అని నవ్వి, ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు దణ్ణం పెట్టుకున్నారు. పాతిక కిలోలని దేవుడికి బరువు కూడా చెప్పారు.

పండు అప్పటికే మెత్తగా మగ్గి ఉంది. అగరొత్తి మెల్లగా ఒరిగి, దాని కొస వచ్చి నా మీద ఆగింది. ఎనభై పౌండ్లకి నేను భయపడను. ఆవగింజంత నిప్పుకి మాత్రం కరిగిపోతాను, నా పుట్టుకే అంత. ఎనిమిది పాయల్లో ఆరు ముడుచుకుపోయాయి. రెండు మిగిలాయి. ఆయన కళ్ళు తెరిచి, బూడిద ఊదేసి, "శుభం" అన్నారు.

ఏడుకొండలు పడవలో, గోదావరి సముద్రంలో కలిసే ఏటి మొగ దగ్గరికి చేరాం. బతికిన రొయ్యని ఎరగా గుచ్చి సోమరాజుగారు విసిరారు. నేను సర్రున దూరం వెళ్ళాను. గంట గడిచింది. తిమ్మరాజుగారు రెండుసార్లు ఆవలించి, "ఇక్కడేనా అండీ రోజూ పడేది?" అని అడిగారు. ఆ మాట ముగియకముందే కర్ర విల్లులా వంగింది.

పడింది! నిజంగానే పడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తన గాలానికి పండుగప్ప పడేసరికి సోమరాజుగారికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. "అమ్మాయీ, పడిందే!" అని అక్కడ లేని కూతుర్ని పిలిచారు. అప్పుడు మాత్రం నాకు ఆయన మీద జాలేసింది. నిలబడాలని నిజంగా ప్రయత్నించాను.

"రీలు వదులు చెయ్యండి రాజుగారూ, కాసేపు పరిగెట్టనివ్వండి!" అని ఏడుకొండలు అరిచాడు. ఎనభై పౌండ్ల ధీమాతో ఆయన రీలుని ఇంకా బిగించారు. చేప ఒక్కసారి నీళ్ళమీదికి ఎగిరి తల విదిలించింది. మిగిలిన రెండు పాయలూ టప్పున తెగాయి.

 ఏడుకొండలు నన్ను లాగి తెగిన కొస చూశాడు. తెగిన దారం పీచులా విచ్చుకుంటుంది. నా కొసకి కరిగి గట్టిపడిన నల్ల పూస ఉంది. వాసన చూశాడు, అగరొత్తి వాసన. రాజుగారి మొహం చూశాడు. కొసని గుప్పిట్లో దాచేశాడు.

"రాయి కోసేసిందండి" అన్నాడు.

"ఎంతుంటదిరా?" అని అడిగారు సోమరాజుగారు.

అయిదు కిలోలకి మించదని ముగ్గురికీ తెలుసు. ఏడుకొండలు నీళ్ళవైపు చూస్తూ, "ఆయ్, మీరెంతంటే అంతండి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అది ముప్పై కిలోలైంది. భోజనాల దగ్గర నలభై అయింది. పెంచింది సోమరాజుగారు కాదు, తిమ్మరాజుగారు. తన కళ్ళముందు తప్పిపోయిన చేప చిన్నదైతే ఆయనకి మాత్రం ఏం గొప్ప? "మీ నాన్నగారు మామూలు మనిషి కాదమ్మా" అని ఆయన కోడలితో అంటుంటే సోమరాజుగారు తల దించుకుని పప్పు కలుపుకున్నారు. పట్టి ఉంటే పోయే పరువు, తప్పిపోయి నిలబడింది.

"అయినా అంత తాడు తెగడమేంటి బావగారూ?" అన్నారు తిమ్మరాజుగారు. "కొబ్బరికాయ కొట్టారా?"

"కొట్టలేదండి."

"అదీ సంగతి. పూజలో లోపం."

సుభద్రమ్మ గోడకి ఆనించి ఉన్న కర్ర దగ్గర ఆగి, నా కొసన ఉన్న నల్ల పూసని వేళ్ళమధ్య నలిపి చూసింది. భర్త వైపు చూసింది. నెయ్యి వడ్డించింది.

వెళ్ళేటప్పుడు నన్ను కర్రతో సహా వియ్యంకుడికి బహుమానంగా ఇచ్చారు. ఇప్పుడు నేను ఉండిలో, తిమ్మరాజుగారి దేవుడి గదిలో ఉన్నాను. ఆయన కూడా ఎవరికో పాతిక కిలోల మాట ఇచ్చారట. లోపం రాకూడదని కొబ్బరికాయ కొట్టారు. అగరొత్తులు ఈసారి రెండు గుచ్చారు.

అరటిపండు బాగా మగ్గింది.