ఎక్కించే పాట

మా పాత ఓడ యజమాని హిలాల్ నాఖుదా తన కొత్త ఓడని ఇవాళ సముద్రంలోకి దించుతున్నాడట, దానికి నేను పాడాలట! కబురు తెచ్చినవాడు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి ఈ మాట చెప్పగానే నాకు ఒళ్ళు మండిపోయింది. సూర్ ఊళ్ళో ఇంకెవరికీ గొంతు లేదా అని అడిగాను. అంత పెద్ద ఓడని కదిలించే పాటలు నీకే వచ్చు, సాల్మీన్ వెనక కూర్చుని నేర్చుకున్నవాడివి కదా అన్నాడు. సాల్మీన్ పేరు ఎత్తాడు, ఏమాత్రం జంకూ గొంకూ లేకుండా.

"అయితే మీ నాఖుదాని వచ్చి సాల్మీన్‌నే అడగమను," అన్నాను.

"సాల్మీన్‌కి గొంతు పోయిందిగా."

"ఎలా పోయిందో కూడా అడగమను."

వాడు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. వాడికేం తెలుసు, పాపం. ఊళ్ళో అందరికీ తెలిసిన కథ ఒకటే. మా ఓడ పగిలిందట, దిక్కులేని దీవి మీద మేమంతా నాఖుదా మీద తిరగబడ్డామట, ఆయనేమో పెద్ద మనసుతో మమ్మల్ని ప్రాణాలతో ఇళ్ళకు చేర్చాడట. ఈ కథ కట్టింది ఎవరు? హిలాల్ నాఖుదాయే. ఏరు దాటి తెప్ప తగలేసే రకం. మేం నోరు తెరవబోతే, ఓడ యజమాని మీద తిరగబడ్డవాళ్ళ మాట ఎవరు నమ్ముతారు అన్నారు.

నేను ఆ ఓడలో వంటవాణ్ణి. నా పేరు ఖల్ఫాన్. సాల్మీన్ పాటగాడు. ఓడ మీద పాటగాడు ఉండేది వినోదానికి కాదు. తెరచాప ఎత్తాలన్నా, లంగరు లాగాలన్నా అతను ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి, ఆ ఊపులో చేతులన్నీ ఒక్కటవ్వాలి. ఒక్కో పనికి ఒక్కో పాట. పడవని నీళ్ళలోకి తోయడానికి దించే పాట. ప్రయాణం ముగిసి ఇల్లు చేరాక ఒడ్డు మీదకి లాగడానికి ఎక్కించే పాట. బయల్దేరేటప్పుడు ఎక్కించే పాట ఎవరూ పాడరు, కూనిరాగంగా కూడా తియ్యరు, అపశకునం. ఏళ్ళ తరబడి సాల్మీన్ గొంతుకి అలవాటుపడ్డ ఒళ్ళు మావి. పాట వినిపిస్తే బుర్రకంటే ముందు కాళ్ళు కదిలేవి.

ఆ ఏడు జంజిబార్ నుంచి తిరిగొస్తూ లాము రేవులో ఆగాం. అక్కడ నాఖుదా పెళ్ళి చేసుకున్నాడు. చేసుకోనీ, ఎవరు కాదన్నారు? మిగతా ఓడలన్నీ వెళ్ళిపోయినా ఈయన మాత్రం అత్తారిల్లు వదల్లేదు. గాలులు ముదురుతున్నాయి, ఇక సముద్రం మూసుకుపోతుంది అని చుక్కాని పట్టే ముసలాయన రోజూ మొత్తుకున్నాడు. వింటేగా! ఆయన తీరిగ్గా బయల్దేరేసరికి కనుచూపు మేరలో మా ఓడ తప్ప మరొకటి లేదు. మా తీరం ఇంకాస్త దూరం ఉందనగా, ఓ బోడి దీవి పక్కన, ఓడ రాతిగుట్ట మీదకెక్కి రెండుగా విరిగింది. ముసలాయన చుక్కాని వదల్లేదు, దాంతోపాటే పోయాడు. తెరచాప దూలం విరిగి సాల్మీన్ తొడ మీద పడింది.

దీవి మీద చెట్టు లేదు, నీటిచుక్క లేదు. మాకు దక్కినవి ఒక నీళ్ళపీపా, తడిసిన ఖర్జూరం బుట్ట, ఓడ వెంట ఉండే, అలలు ఇసుక మీదకి విసిరేసిన మా పెద్ద పడవ. ఇంకా నాఖుదాగారి పెళ్ళిపెట్టె. ఇత్తడి మేకులు కొట్టిన పెట్టె, నిండా పట్టుబట్టలు, పన్నీరు బుడ్లు. అవతల మనుషులు మునుగుతుంటే దాన్ని ఒడ్డుకి మోయించాడు ఆ మహానుభావుడు.

తెల్లారాక మొదట ఆ పెట్టెని పడవలోకి ఎక్కించాడు. ఆ తర్వాత పడవలో చోటు చాలదన్నాడు. నడవగలిగినవాళ్ళంతా రావాలట. సాల్మీన్ ఇక్కడే ఉంటాడట, ఊరు చేరగానే మనిషిని పంపిస్తాడట. పీపా మాతో వస్తుంది, సాల్మీన్‌కి ఒక కూజా నీళ్ళు. ఆ ఎండలో ఒక కూజా ఎంతసేపొస్తుందో వంటవాణ్ణి, నాకు తెలియదా? దానికంటే పీక నులిమేస్తే పుణ్యం. పెట్టె ఉన్న చోట సాల్మీన్ నిక్షేపంగా పడుకోవచ్చు, ఆ మాటే అన్నాను. "కుండలు తోముకునేవాడివి, నీకెందుకు?" అన్నాడు, నావైపు చూడకుండానే.

సముద్రం మీద నాఖుదా మాటకి తిరుగులేదు. అలాగే పెరిగాం మేమంతా. వెళ్ళి పడవ మీద చేతులు వేశాం. అది బెత్తెడు కదిలితే ఒట్టు. ఒకడు తోస్తుంటే ఇంకొకడు ఊపిరి పీల్చుకుంటున్నాడు. నాఖుదాకి చిర్రెత్తి తనే రాగం అందుకున్నాడు. అల్లా మన్నించాలి, అదీ ఒక పాటా! తోక తొక్కిన గాడిద నయం. అంత దిగులులోనూ ఎవడో కిసుక్కుమన్నాడు.

అప్పుడు ఆ మనిషి చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. చిరిగిన తెరచాప నీడలో పడుకుని ఉన్న సాల్మీన్ దగ్గరికి నడిచి వెళ్ళి, పడవ దించాలి, పాడు అన్నాడు.

సాల్మీన్ అతని మొహంలోకి చూశాడు. "నన్ను వదిలేసి పోయే పడవకి నేనే పాడాలా, నాఖుదా?"

"నీ పని అదే కదా."

"అవును, నా పనే," అన్నాడు సాల్మీన్ నెమ్మదిగా. "ఒరే ఖల్ఫాన్, కాస్త లేపి కూర్చోబెట్టరా."

కూర్చోబెట్టి వచ్చి నేనూ పడవ అంచు పట్టుకున్నాను. అందరూ భుజాలు ఆనించారు. సాల్మీన్ కళ్ళు మూసుకుని గొంతెత్తాడు.

అతను ఎత్తుకున్నది ఎక్కించే పాట.

మొదటి మాటకే మా కాళ్ళు వెనక్కి తిరిగాయి. ఎవరూ ఆలోచించలేదు, ఒకళ్ళనొకళ్ళు చూసుకోనైనా లేదు. సముద్రానికి వీపు పెట్టి లాగుతున్నాం, అందుకోవాల్సిన చోట అందుకుంటున్నాం. అప్పటిదాకా మొండికేసిన పడవ ఇసుక చీల్చుకుంటూ పైకి, నీళ్ళకి దూరంగా, సరిగ్గా సాల్మీన్ పక్కకి వచ్చి ఆగింది. ఏం చేశామో అప్పుడు తెలిసింది. ఒకడు పగలబడి నవ్వాడు, ఇంకొకడు ఇసుకలో కూలబడి ఏడ్చాడు.

నాఖుదా నడుములోని బాకు దూశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే కుక్కల్లారా, ఇది తిరుగుబాటు, ఊరెళ్ళాక ఒక్కొక్కడి సంగతీ తేలుస్తాను అని అరిచాడు.

"ఊరెళ్ళాక కదా," అన్నాను. "ముందు ఎలా వెళ్తావో చెప్పు. మమ్మల్ని పొడిచేస్తే పడవ ఎవరు తోస్తారు, నీ పెట్టె తోస్తుందా?"

బాకు పట్టిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మేం పెట్టె ఎత్తి ఇసుకలో పడేశాం. ఆ చోట సాల్మీన్‌ని పడుకోబెట్టాం. అతను పడుకున్నచోటి నుంచే దించే పాట పాడాడు, పడవ అతన్ని మోసుకుంటూ నీళ్ళలోకి దిగింది. నాఖుదా అందరికంటే ఆఖరున, మొల లోతు నీళ్ళలో నడిచొచ్చి ఎక్కాడు. వద్దని మాలో ఒక్కడు కూడా అనలేదు. ఇదీ మేం చేసిన తిరుగుబాటు.

పడవ తెరచాప కొయ్య విరిగింది కాబట్టి తెడ్లే గతి. తెడ్డు వెయ్యాలన్నా పాట కావాలి. పగలల్లా ఎండ, నీళ్ళు గుక్కెడు గుక్కెడు పంచుకుంటున్నాం. మేం వంతులేసుకుని తెడ్లు వేశాం, సాల్మీన్ పాటకి మాత్రం వంతుల్లేవు. నేను పాడతానంటే వద్దన్నాడు, నువ్వు తెడ్డు వెయ్యి, బలం అక్కడ కావాలి అన్నాడు. అతని గొంతు ముందు బొంగురుపోయింది, తర్వాత చీరుకుపోయింది, ఉమ్మితే రక్తం పడింది. మా తీరం కొండలు కనబడేసరికి ఆ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. మళ్ళీ రాలేదు. ఆ పాట మీద ఊరు చేరిన మనిషి పడవ దిగగానే పెద్దల దగ్గరికెళ్ళి ఏం చెప్పుకున్నాడో ముందే చెప్పాను. సాల్మీన్ ఇప్పుడు కుంటుకుంటూ వచ్చి నా అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచు పేనుకుంటాడు.

ఇవాళ నేను పోనని భీష్మించుకుంటే అతనే నా చెయ్యి పట్టుకున్నాడు. "పద, పోదాం," అన్నాడు, గుసగుసగా, అతనికి మిగిలింది అదే. "ఓడ ఏం పాపం చేసింది?"

మధ్యాహ్నం పోటు వచ్చేవేళకి ఊరంతా ఒడ్డునే ఉంది. పోటు నీళ్ళు తీసేలోపే ఓడ దించాలి. మోకులు పరిచారు. పట్టుకున్నవాళ్ళలో మా పాత ఓడవాళ్ళూ ఉన్నారు, పొట్టకూటి కోసం ఎక్కడికి పోతారు? హిలాల్ నాఖుదా తెల్లబట్టల్లో ఓడ మీద నిలబడ్డాడు. నేను అందరూ వినేలా ఒక్కటే అడిగాను. ఆ దీవి నుంచి మనల్ని ఇంటికి తెచ్చింది ఎవరో పేరు చెప్పు, పాడతాను అన్నాను.

"ఆ కుంటి బానిసకొడుకు పేరు నా ఓడ మీద పలకను," అన్నాడు. "నీ పని పాడటం. పాడు."

"అవును, నా పనే," అన్నాను.

ఎక్కించే పాట ఎత్తుకున్నాను. ముందు మా పాతవాళ్ళు మోకులు వదిలేశారు. ఒకడు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఏమైందిరా, ఎందుకు నవ్వుతున్నారు అని పక్కవాళ్ళు గుచ్చి గుచ్చి అడిగారు, వీళ్ళు దీవి మీద జరిగిందంతా చెప్పారు. మోకు పొడుగునా ఒక్కొక్క చెయ్యీ వదులుతూ వచ్చింది. పైనుంచి హిలాల్ ఏదో అరుస్తున్నాడు. సముద్రం ఎవరి అరుపులకీ ఆగదు, పోటు నీళ్ళు వెనక్కి తీశాయి. ఓడ ఇసుక మీదే ఉంది.

నేను పాట ఆపలేదు. పక్కకి తిరిగి చూస్తే సాల్మీన్ కూడా పాడుతున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, పెదవులు ప్రతి మాటకీ సరిగ్గా కదులుతున్నాయి. ఒక్క మాటా బయటికి రావడం లేదు.