అడగని మొదటి ప్రశ్న

నాలుగింటికి జవాబు చెప్పాలి. లాండ్రీ అమ్మేయడమా, ఉంచుకోవడమా. కొంటామన్న పెద్ద కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తారు. భాగస్తుడైన తమ్ముడికి ఇంకా సంగతే తెలియదు. ఒంటరిగా ఎంత ఆలోచించినా తూకం ఎటూ మొగ్గలేదు. ఎదుట కూర్చుని ఎవరైనా సరిగ్గా అడిగితే తేలుతుందన్న లెక్కతో, లాండ్రీ యజమానురాలు మూడింటికి కోచ్ గదిలో కూర్చుంది.

వ్యాపారస్తుల ఆలోచనను వాళ్ళకే తేటపరచడం ఆయన వృత్తి. సలహా ఇవ్వడు, అడుగుతాడు. ఆయన కుర్చీ వెనక గోడకు ప్రశ్నల వరుస అద్దం కట్టించి వేలాడుతోంది. మొదటిది: 'ఈ రోజు దేని గురించి మాట్లాడుకుందాం?' వృత్తిలో దిగిన కొత్తలో ఆ కాగితం బల్ల మీదే ఉండేది. దాన్ని చూసి ఆయన తడబడుతూ అడుగుతుంటే ఆమెకు జాలేసేది. మూతపడబోయిన లాండ్రీ నిలబడింది మాత్రం ఆ తడబాటు ప్రశ్నలతోనే. ఇప్పుడాయన చేయి తిరిగినవాడు. కాగితం వీపు వెనక్కి పోయింది.

"మొహం చూస్తేనే తెలుస్తోందమ్మా. మళ్ళీ తమ్ముడేనా?"

"తమ్ముడని కాదు మాస్టారూ..."

"కాదనడంలోనే ఉందిగా. ఈసారి ఏ మాట గుచ్చుకుంది?"

గుచ్చుకున్న మాట ఒకటి ఉంది మరి. "నీ కంటికి మనుషులు కూడా మరకల్లాగే కనిపిస్తారక్కా అన్నాడు."

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అక్కణ్ణుంచి ఒక ప్రశ్న మరోదాన్ని లాక్కొచ్చింది. అన్నీ పదునైనవే; తమ్ముడితో గొంతు పెంచకుండా ఎలా మాట్లాడాలన్నదాకా వెళ్ళాయి. మధ్యలో ఆమె అసలు సంగతి చెప్పబోయినప్పుడల్లా ఆయన ఇంకా మంచి ప్రశ్న వేశాడు. తెలిసినవాటికి జవాబివ్వడం ఆమెకూ సుఖంగానే ఉంది. ఏం కావాలో అడక్కుండానే పొట్లం కట్టే దుకాణదారులా ఉంది ఆయన వరస. పొట్లం ముచ్చటగా ఉంది. ఆమెకు కావలసిన సరుకే అందులో లేదు.

"మనసు తేలికపడిందా?" అన్నాడాయన గడియారం చూసి.

"నేనొచ్చింది దీనిక్కాదు మాస్టారూ. లాండ్రీ అమ్మాలా వద్దా అని. ఇప్పుడే ఫోనొస్తుంది."

ఆయన మొహం పాలిపోయింది. "ముందే చెప్పొచ్చు కదమ్మా."

"అడుగుతారని చూశా. మీ వెనకాలే రాసుందిగా."

ఆయన మెడ తిప్పి గోడకేసి చూశాడు. "కూర్చోండి, మొదట్నుంచి..." అంటుండగానే తలుపు అవతల తర్వాత రావలసిన మనిషి దగ్గాడు. ఆమె సంచిలో ఫోన్ మోగింది.

వరండాలోకి వచ్చి ఎత్తింది. లాండ్రీ గురించి తలచుకోబోతే, గంటసేపు తవ్విన తమ్ముడి మాటే పైకి తేలి కనబడింది. తూకం ఇప్పుడు మొగ్గింది. ఏ రాయి పడి మొగ్గిందో ఆమెకు తెలుసు.

"సరే, తీసుకోండి," అంది.

మెట్లు దిగుతూ, తమ్ముడితో మాట ఎలా మొదలెట్టాలో నెమరేసుకుంది. గొంతు పెంచకుండా, నిదానంగా. ఆ గంటలో అది మాత్రం బాగా వచ్చింది.