కౌంటరుకు ఇవతలి వైపు

హార్టిల్‌పూల్‌లో ఒక బ్యాంకు కౌంటరు వెనక ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. ఖాతాలో డబ్బు లేక చెల్లింపు వెనక్కి పోతే పాతిక పౌండ్లు జరిమానా. ఆ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. టై సర్దుకుని మరీ చెప్పేవాణ్ణి.

బ్రాంచి మూసేశాక కార్పెట్ల దుకాణంలో చేరాను. జీతం సగమైంది, గర్వం మాత్రం పాత జీతం దగ్గరే ఆగిపోయింది. ఆ నవంబరులో వాషింగ్ మెషీను పాడైతే, మా ఆవిడ గ్లెండా తన చెల్లెల్ని డబ్బు అడుగుతానంది. నేను బ్యాంకు మనిషిని, నాకు వదిలెయ్యమన్నాను. ఆ బ్యాంకు మనిషి మర్నాడు దుకాణం బాత్రూములో కూర్చుని, ఫోన్‌లో ఐదు నిమిషాల్లో మూడొందల పౌండ్లు అప్పు తీసుకున్నాడు. నెలకు తొంభై వడ్డీ. ఏడాదికి ఎంత శాతమో కింద రాసే ఉంది. ఒక్క నెలకే కదా, ఏడాది గొడవ నాకెందుకు అనుకున్నాను. సరిగ్గా ఈ ముక్క అన్నవాళ్లనే ఒకప్పుడు జాలిగా చూసేవాణ్ణి.

నెల తిరిగేసరికి మూడొందలు సమకూరలేదు. తొంభై కడితే గడువు పొడిగిస్తామని వాళ్లే మెసేజీ పెట్టారు. 'ప్రియమైన నెవిల్' అని పిలిచారు. నాకది బాగానే అనిపించింది కూడా. మూడుసార్లు పొడిగించాను. రెండొందల డెబ్భై కట్టాక కూడా అసలు అలాగే ఉంది. నాలుగో నెల జీతం పడిన తెల్లవారుజామునే, ఆలస్య రుసుము కూడా కలిపి, నాలుగొందల యాభై వాళ్లే నా కార్డు మీద లాగేసుకున్నారు. దాని వెనకాలే అద్దె, కరెంటు, ఫోను చెల్లింపులు వెనక్కి పోయాయి. ఒక్కోదానికి పాతిక. మా పాత బ్యాంకు నుంచి మూడు ఉత్తరాలొచ్చాయి. విప్పకుండానే చదవగలిగేవాణ్ణి.

వేయించిన చేపలమ్మే దుకాణంలో నా కార్డు పనిచెయ్యకపోవడంతో గ్లెండాకు తెలిసింది. వేడివేడి పొట్లం కౌంటరు మీదే వదిలేసి ఇంటికొచ్చాం. అంతా చెప్పాను. ఆమె అరవలేదు.

"సిగ్గుపడటం రేపు పెట్టుకో," అంది. "ముందు కాగితాలన్నీ బయటికి తియ్."

మర్నాడు నన్ను చర్చి హాల్లో అప్పులవాళ్లకు ఉచితంగా సలహాలిచ్చే చోటికి తీసుకెళ్లింది. బల్ల వెనక డెబ్భై దాటిన ఐరిస్ థర్ల్‌వెల్ గారు. చూడగానే గుర్తుపట్టాను. తొమ్మిదేళ్ల కిందట, భర్త పోయిన వారమే, రెండు జరిమానాల గురించి ఆవిడ నా దగ్గరికొచ్చింది. నియమాలు అందరికీ ఒకటేనని చెప్పి పంపేశాను.

ఆవిడా నన్ను గుర్తుపట్టింది. అయినా నా కాగితాలు వరసలో పెడుతోంది. ఉండలేకపోయాను.

"ఐరిస్ గారూ, ఆ యాభై పౌండ్లు తీసేసే అధికారం ఆ రోజు నాకుంది. మేనేజర్ని అడగక్కర్లేదు."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"తర్వాత తెలిసింది నాయనా. తెలిసిన రోజే ఈ పనిలో చేరాను. ఇప్పుడు నీ జీతం కాగితం ఇటివ్వు."

నా జీతం ఎంతో, ఇంకెవరికైనా బాకీ ఉన్నానో అడక్కుండానే ఆ కంపెనీ అప్పిచ్చింది. అలా ఇవ్వడం నియమాలకు విరుద్ధం, ఆవిడ పట్టుకున్నదదే. ఐదు నెలలు ఫిర్యాదు మీద ఫిర్యాదు నడిచింది. చివరికి వడ్డీ, ఆలస్య రుసుము తిరిగొచ్చాయి. బ్యాంకు మాత్రం మూడు జరిమానాల్లో రెండే వెనక్కిచ్చింది.

ఇప్పుడు శనివారాలు నేనూ ఆ హాల్లో కూర్చుని, వచ్చినవాళ్ల తరఫున బ్యాంకులకు ఉత్తరాలు రాస్తున్నాను. నేను రాసిన మొదటి ఉత్తరం ఐరిస్ గారు రెండుసార్లు చదివి నా ముందు పెట్టారు.

"ఇందులో తప్పు మనదా, వాళ్లదా?" అనడిగారు.

మళ్లీ చదువుకున్నాను. నాలుగు చోట్ల క్షమించమని అడిగి ఉన్నాను. ఇంకో కాగితం తీసుకున్నాను.