నిద్రలో ఇచ్చిన మాట

అమ్మది బేకరీలో పిండి కలిపే పని. తెల్లారకముందే వెళ్లి, మధ్యాహ్నానికి చెవుల మీద కూడా పిండి అంటించుకుని ఇంటికొస్తుంది. నాలుగు ముద్దలు తిని సోఫాలో నడుం వాలుస్తుంది. వాల్చగానే నిద్ర. నిద్ర పట్టగానే నోట్లోంచి బడి భాష, బడిలోనూ ఆఫీసుల్లోనూ నడిచే భాష.

మెలకువలో ఆవిడకి ఆ భాష ఒక్క ముక్క రాదు. బస్సు మీద బోర్డు చదవలేక రంగు చూసి ఎక్కుతుంది. నిద్రలో మాత్రం ధారాళంగా, వ్యాకరణం ఎక్కడా తొణక్కుండా మాట్లాడుతుంది. అడిగినదానికి జవాబు కూడా చెబుతుంది. లేచాక ఏదీ గుర్తుండదు. ఇందులో ఎవరికీ వింతేం కనిపించలేదు. కొందరికి నిద్రలో గురక వస్తుంది, ఈవిడకి భాష వస్తుంది, అంతే. పై అంతస్తు టైలరు తన అర్జీలన్నీ ఆవిడ సోఫా పక్కనే స్టూలేసుకుని రాసుకునేవాడు. "మీ ఆవిడ పడుకుందా?" అని వాకిట్లోంచే అడిగేవాడు నాన్నని. నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. "ఇప్పుడే పడుకుంది, రా రా" అని స్టూలు కూడా జరిపేవాడు.

అందరికంటే ఎక్కువ లాభపడింది మాత్రం కూతురు. పుట్టగానే పెట్టిన కేకకి నాన్న దానికి పిడుగు అని పేరు పెట్టాడు. పదిహేనేళ్లొచ్చినా ఆ పేరు మార్చాల్సిన అవసరం రాలేదు. దాని బడిలో పొద్దున పాఠాలు ఇంటి భాషలో, మధ్యాహ్నం పాఠాలు బడి భాషలో. పొద్దున మార్కులు అంతంతమాత్రం. మధ్యాహ్నం మార్కుల్లో క్లాసుకే ఫస్టు. వ్యాసం రాయమంటే చాలు, పుస్తకం తెచ్చుకుని సోఫా పక్కన చేరేది. అమ్మ చెబుతుంటే రాసుకోవడమే.

ఈమధ్య ఇంకో అలవాటు మొదలైంది. మేలుకున్న అమ్మతో కూడా బడి భాషలోనే మాట్లాడుతోంది, అదీ కోపంగా.

"నీ భాషలో తిట్టకే. ఏమంటున్నావో అర్థం కాక నాకు సరిగ్గా కోపం కూడా రావట్లేదు" అని మొత్తుకునేది అమ్మ.

పిడుగు ఆ తలనొప్పి ఎందుకని, కావలసినవన్నీ పడుకున్న అమ్మనే అడగడం మొదలెట్టింది. స్నేహితురాలింటికి వెళ్లనా? జుట్టు కత్తిరించుకోనా? పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు, పడుకున్న అమ్మ దేనికైనా "తప్పకుండా, తల్లీ" అనేది. లేచాక ఇంట్లో యుద్ధం.

"నువ్వే ఒప్పుకున్నావు!"

"నిద్రలో ఇచ్చిన మాట చెల్లదు!"

ఇద్దరూ కలిసి నాన్న మీద పడేవాళ్లు. నాన్న బాగా ఆలోచించి తీర్పు చెప్పాడు. "నిద్రలో ఇచ్చిన మాట సగం చెల్లుతుంది." అందుకే ఆ ఏడాది పిడుగు స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్లి, కేకు కోయకముందే తిరిగొచ్చింది. జుట్టు ఒకవైపే కత్తిరించుకుంది.

అలాంటి రోజుల్లో బడి నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం పాఠాల్లో మొదటి వరసలో ఉన్నవాళ్లు పదో తరగతికి వేరే ఊళ్లోని హాస్టల్ బడికి వెళ్లొచ్చు. అక్కడంతా బడి భాషే. పిడుగు ఎగిరి గంతేసింది. అమ్మ "వద్దు" అంది.

"ఎందుకు?" అన్నాడు నాన్న.

"హాస్టల్లో రొట్టె బాగోదు."

"రొట్టె కోసమా?"

"నేను చెప్పేది చెప్పాను" అని గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది.

పిడుగు మాత్రం అమ్మానాన్నలకి తెలియకుండా పేరిచ్చేసింది. పిల్లని పంపే ముందు తల్లినో తండ్రినో బడి భాషలోనే ఇంటర్వ్యూ చేస్తారు. పిడుగు కావాలనే మధ్యాహ్నం సమయం అడిగి తీసుకుంది. "పెద్ద మేడమ్ రమ్మన్నారు" అని మాత్రం అమ్మకి చెప్పింది. ముందు రాత్రంతా భయంతో దానికి కన్ను మూతపడలేదు.

పెద్ద మేడమ్‌కి రెండు భాషలూ వచ్చు. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆవిడ గదిలో మెత్తటి కుర్చీ ఉంది. అమ్మ అందులో కూర్చుంది, "బాగుందండీ కుర్చీ" అంది, పడుకుంది.

"పడుకున్నారా? మంచిది, మొదలుపెడదాం" అని పెద్ద మేడమ్ బడి భాషలోకి మారింది. పడుకున్న అమ్మ అన్నిటికీ చక్కగా జవాబులు చెప్పింది. పిల్ల ఆరోగ్యం గురించి, చదువు గురించి, కోపం గురించి.

"ఆఖరి ప్రశ్న. అమ్మాయిని దూరం పంపడం మీకు సమ్మతమేనా?"

"తప్పకుండా" అంది అమ్మ కళ్లు మూసుకునే. పిడుగు పక్క కుర్చీలోంచి లేవబోయింది. అమ్మ ఇంకా ఆపలేదు. "కానీ మేడమ్, నా మాట పట్టుకోకండి. నేను దేనికైనా సరే అంటాను. అది ఇంటికి రావడం ఆలస్యమైతే కిటికీ దగ్గర నిలబడేది నేను కాదు. ఆ నిలబడేదాన్ని లేపి అడగండి."

పెద్ద మేడమ్ కలం కింద పెట్టింది. కుర్చీ దగ్గరికి వెళ్లి భుజం తట్టింది. "అమ్మా, లేవండి. పాపని హాస్టల్‌కి పంపుతారా?" అని ఇంటి భాషలో అడిగింది.

అమ్మ ఉలిక్కిపడి లేచి, కూతురి వైపు చూసి, "పంపను" అంది.

"సోమవారం దాకా ఆలోచించుకోండి" అంది పెద్ద మేడమ్.

బస్సెక్కేదాకా పిడుగు బడి భాషలో ఉరిమింది. సీటు దొరికి, కిటికీ గాలి తగిలేసరికి రాత్రి బాకీ అంతా మీదపడి, తిడుతూ తిడుతూనే అమ్మ భుజం మీద ఒరిగి నిద్రపోయింది. కాసేపటికి దాని నోట్లోంచి ఇంటి భాష రావడం మొదలైంది. ఆరేళ్లప్పుడు మాట్లాడినట్టు, ముద్దుగా.

"అమ్మా, ఆ మార్కులు నావి కావు."

అమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "మరెవరివే?"

"నీవే. నువ్వు పడుకుని చెబితే రాశాను. నాకేం వచ్చో నాకే తెలీదు. అక్కడైతే పడుకునే అమ్మ ఉండదుగా, అప్పుడు తెలుస్తుంది."

"తప్పితేనో?"

"తప్పుతాను. భయంగానే ఉంది."

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనంటే నామోషీ అయి వెళ్లిపోతున్నావనుకున్నానే."

"నామోషీ కూడా కొంచెం ఉంది" అంది పిడుగు నిద్రలోనే. "చెవుల మీద పిండి తుడుచుకుని రావచ్చుగా."

వెనక సీటు పెద్దావిడ ముందుకి వంగింది. "నిద్రలో అబద్ధం రాదమ్మా. ఇంకా ఏమైనా ఉంటే ఇప్పుడే అడిగేయండి, లేచాక మళ్లీ దొరకదు." కండక్టరు కూడా స్టాపుల పేర్లు చెవిలో చెప్పినట్టు చెప్పడం మొదలెట్టాడు. వాళ్ల స్టాపు వచ్చింది. అమ్మ దిగలేదు. చివరి స్టాపు దాకా అలాగే కూర్చుంది.

లేచాక పిడుగు కంగారుపడింది. "ఎక్కడున్నాం? నేనేమైనా అన్నానా?"

"ఏం లేదు. గురక పెట్టావు."

సోమవారం అమ్మ ఒక్కతే వెళ్లింది. మేలుకుని, చెవులు శుభ్రంగా కడుక్కుని. "పంపిస్తాను, మేడమ్" అంది.

"మరి రొట్టె బాగోదన్నారట? పాప చెప్పింది."

"బాగోని రొట్టె తినడం కూడా నేర్చుకోవాలి కదండీ" అంది అమ్మ. చూపించిన చోట సంతకం పెట్టి, గబగబా బయటికి వచ్చేసింది.

మొదటి పరీక్షలయ్యాక హాస్టల్ నుంచి ఫోనొచ్చింది. అమ్మ బేకరీలో మోచేతుల దాకా పిండిలో ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"అమ్మా, వ్యాసంలో ముప్పై ఎనిమిది!" పిడుగు ఇంటి భాషలో అరిచింది.

"వందకా?"

"వందకే."

అమ్మ పిండి కలపడం ఆపింది. "అన్నీ నీవేనా?"

"అన్నీ నావే."

"మా పిడుగుకి ముప్పై ఎనిమిది!" అని అమ్మ బేకరీ అంతా వినపడేలా కేకపెట్టింది. పొయ్యి దగ్గరున్న పెద్దాయన, వందకి అవేం మార్కులని అడగబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు. వేడివేడి రొట్టె ఒకటి బయటికి తీసి ఆవిడ ముందు పెట్టాడు.